అన్నయ్యతో ఇంగ్లీషులో

అంత్సిరాబె,
మే నెల, ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యులైన నాన్నగారికి మీ సహూలి నమస్కారాలు.

ఇక్కడ నేను, మీ అల్లుడు, పిల్ల ఫర అందరం కులాసాగానే ఉన్నాం. మే వచ్చి ఇక్కడ చలికాలం మొదలైంది కాబట్టి ఇంటిల్లిపాదికీ ముక్కులు కారుతున్నాయి, అంతకు మించి చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. మీ మోకాలు, అమ్మ దగ్గు ఎలా ఉన్నాయో వివరంగా రాయండి. పెళ్లి సంబంధాల్లో పెద్దమనిషిగా నిలబడి గంటసేపు మాట్లాడే మనిషి ఉత్తరంలో మాత్రం “బాగానే ఉన్నాం” అని ఒక్క ముక్కతో తేల్చేస్తే నాకు నిద్ర పట్టదు.

బస్సు డ్రైవరు చేత పంపిన ఎర్రబియ్యం, తేనె అందాయి. దారిలో తేనె సీసా మూత ఊడి బియ్యం సగం తడిసిపోయింది. ఫర ఇప్పుడు ఆ తీపి అన్నమే కావాలని గొడవ చేస్తోంది. మీరడిగారు కదా, దాని ముందుపన్ను ఊడింది, కొత్తది వంకరగా వస్తోంది. మా హల్వోర్ గారు అన్నం తినడం నేర్చుకున్నారా అని కూడా అడిగారు. తింటున్నారు, ఒక్క పూటే. మరి రాత్రికేం తింటారని మా క్యాంటీన్ ఆవిడ అడిగితే రొట్టె అన్నారట. ఇంత పెద్ద జామ్ ఫ్యాక్టరీలో వాటా కొన్న నార్వే దొర అన్నం లేకుండా పడుకుంటున్నాడని ఆవిడ చర్చిలో ఆయన పేరున ప్రార్థన చేయించింది.

ఇక మూడో ప్రశ్న. హాజ అన్నయ్య సరుకు మా ఫ్యాక్టరీకి ఎప్పుడు దిగుతుందని పెదనాన్న ప్రతి ఆదివారం కొడుకు తరపున అడుగుతున్నారని రాశారు. దానికి జవాబు ఉంది. కొంచెం ఆగి చెబుతాను. ముందు మిగతాది చెప్పకపోతే అది మీకు అర్థం కాదు. నాకూ ఇంకా సరిగ్గా అర్థం కాలేదు.

“పెళ్లికి ఒక పిల్లను అడగడానికి నేను గంటసేపు మాట్లాడాలి. నువ్వు లారీల కొద్దీ గాజు జాడీలను ఫోన్లో పావుగంటలో ఎలా అడుగుతావే తల్లీ?” అని పోయినసారి వేళాకోళం చేశారు. అడగడం ఎలాగో నాకూ తెలియదు నాన్నగారూ. కొనుగోళ్ల మేనేజరు అని తలుపు మీద రాసుంది కాబట్టి అడుగుతున్నాను.

ఇన్నేళ్లూ జాడీలు రీయూనియన్ దీవి నుంచి వచ్చేవి. ఫ్రెంచిలో మాట్లాడుకునేవాళ్లం. కిందటేడు ఆ కంపెనీ మూతపడింది. ఇక గాజు ఎక్కడ దొరుకుతుందంటే దక్షిణాఫ్రికాలో, ఇంకా దూర దేశాల్లో. అక్కడందరికీ ఇంగ్లీషే. హల్వోర్ గారికి ఫ్రెంచి అంతంతమాత్రం, మన భాష అసలే రాదు, కాబట్టి ఆయన గదిలో కూడా ఇంగ్లీషే. స్కూల్లో చదివిన నాలుగు ముక్కలతో నేను డర్బన్‌కు మొదటి ఫోన్ చేశాను. అవతల విట్‌కోం అనే ఆయన.

నాకు మీరు నేర్పిన పద్ధతే తెలుసు కదా. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. “అయ్యా, నేను పెద్దదాన్ని కాను. నాకంటే ముందు మాట్లాడవలసినవాళ్లు ఎందరో ఉన్నారు. నేను చెట్టుకు కొమ్మనే గాని మొదలును కాను. నా మాటల్లో తప్పు దొర్లితే మన్నించండి” అన్నాను. రాత్రంతా కూర్చుని ఇంగ్లీషులో రాసుకున్నదే చదివాను.

తరవాత ఆయన ఎంతో మర్యాదగా, “మేడమ్, నిర్ణయం తీసుకునేవాళ్లు ఎవరైనా దగ్గర్లో ఉంటే వాళ్లకు ఫోన్ ఇస్తారా?” అన్నాడు.

నిర్ణయం తీసుకునేది నేనే అని చెప్పడానికి ఇంకో మూడు క్షమాపణలు చెప్పాను. చివరికి ఆయన, “సరే, మళ్లీ మీ దగ్గరికి వస్తాను” అని పెట్టేశాడు.

ఎప్పుడొస్తాడో చెప్పలేదు. అంత దూరం నుంచి వచ్చే మనిషి కదా అని గేటు దగ్గర కాపలావాడికి చెప్పి ఉంచాను. చిక్కుళ్లు, పంది మాంసం తెప్పించి వండించాను. రెండు రోజులు చూసి, ఆ శనివారం హాజ అన్నయ్య ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు, ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని. అన్నయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“పిచ్చిదానా, ఆయన రాడు. ఆయన ధర వస్తుంది. ఆ మాంసం ఏం చేశావు?”

“తినేశాం.”

“నన్ను పిలవకుండానా?”

ఆ రోజు నుంచి ప్రతి శనివారం నాకు పాఠం. ఒదినె మాడు అన్నంలో నీళ్లు పోసి మరిగించి ఇచ్చేది. అవి తాగుతూ ఇద్దరం వసారాలో కూర్చునేవాళ్లం. నాన్నగారూ, వాళ్ల మాటలు ఎంత విచిత్రమైనవో మీరు నమ్మరు. “మీమీద గౌరవంతో చెబుతున్నాను” అంటే తిట్టబోతున్నారని అర్థమట. “ఆసక్తిగా ఉంది” అంటే అక్కర్లేదని. “అది నా దగ్గర వదిలెయ్యండి” అంటే ఒక్కోసారి చేస్తారని, ఒక్కోసారి మరిచిపోతారని.

“ఏది ఎప్పుడో ఎలా తెలుస్తుంది?” అని అడిగాను.

“గొంతును బట్టి.”

“ఫోన్లో గరగర తప్ప గొంతెక్కడ వినిపిస్తుంది అన్నయ్యా?”

“అందుకే వాళ్ల సంగతి వదిలెయ్. నీకు కావలసింది నువ్వు సరిగ్గా చెప్పడం నేర్చుకో. వద్దనుకుంటే నో అను.”

“ఊరికే నోనా? ముందేమీ అనక్కర్లేదా?”

“ముందు వద్దు, వెనక వద్దు. ఒక్క మాట అని నోరు మూసుకో. ఆ ఖాళీ భరించలేక అవతలివాడే ఏదో ఒకటి అంటాడు.”

అది నా వల్ల కాలేదు. అన్నయ్య తన పాత చెప్పులు చూపించి “కొంటావా మేడమ్?” అనేవాడు. “ఇంకా అవసరం రాలేదు” అనేదాన్ని. గొడుగు తెచ్చేవాడు. “వానల తరవాత చూద్దాం” అనేదాన్ని. మనింట్లో ఎవరైనా ఎవరికైనా వద్దని చెప్పడం నేనెప్పుడైనా విన్నానా? మీరే ఎన్ని సంబంధాలు తిప్పి పంపలేదు, ఒక్కరికైనా కాదని చెప్పారా? వాళ్లంతా దీవెనలు తీసుకుని నవ్వుకుంటూ వెళ్లి, ఇల్లు చేరాక గదా అర్థం చేసుకునేవారు. చివరికి ఒక శనివారం అన్నయ్య ఒదినె కోడిపుంజును నా ఒళ్లో పెట్టాడు. అది నా గౌను పాడుచేసింది. నో అనేశాను. ఒదినె వంటింట్లోంచి చప్పట్లు కొట్టింది.

తరవాత విట్‌కోం గారు చెప్పిన ధర ఎక్కువగా ఉంటే, అన్నయ్య చెప్పినట్టే నో అని ఊరుకున్నాను. ఫోన్లో గరగర. ఆయనే దగ్గాడు, ఆయనే కాగితాలు తిరగేశాడు, ఆయనే ధర తగ్గించాడు. ఎదురుగా కూర్చుని వింటున్న హల్వోర్ గారు లేచి వచ్చి నా చేయి పట్టుకుని ఊపారు. ఇంటికి వస్తే మాత్రం అన్నం సహించలేదు. ఆ పెద్దమనిషి ఎంత నొచ్చుకున్నాడో అని మర్నాడు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. “దేనికండీ?” అన్నాడాయన. నిజంగానే ఆయనకు తెలియలేదు. బాధ పెట్టానా లేదా అన్నది బాధపడవలసినవాడికే తెలియకపోతే ఇక నేనెలా తెలుసుకోవాలి?

అయినా ఆర్డరు వెంటనే ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురిని చూడందే ఇవ్వకూడదని మా నియమం. ఈలోగానే హాజ అన్నయ్య బడి ఉద్యోగం మానేసి, విదేశీ గాజు కంపెనీ ఒకదానికి ఇక్కడ ఏజెంటుగా చేరాడు. నా శనివారం ముచ్చట్లు వినీ వినీ ఆయనకు ఆ ఆలోచన వచ్చిందేమో తెలియదు. పెదనాన్న ఇంట్లో అందరినీ పిలిచి అన్నం పెట్టినప్పుడు అన్నయ్య కొత్త పనికి దీవెన పలికింది మీరే. మీరు ప్రతి పెళ్లిలో చెప్పే మాటే ఆ రోజూ చెప్పారు, డబ్బు పోతే పోనీ గాని బంధుత్వం పోకూడదని. పెదనాన్న నావైపు చూసి తల ఊపారు. నేనూ ఊపాను. దానికి ఆయన ఏ అర్థం తీసుకున్నారో నాకు తెలుసు. నేను ఏ అర్థంతో ఊపానో మాత్రం తెలియదు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్నకు జవాబు. హాజ అన్నయ్య సరుకు రాదు నాన్నగారూ. నేనే వద్దన్నాను.

మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వేరే నోట విన్నది ఎలా ఉందో గాని, జరిగింది ఇది. అన్నయ్య తెచ్చిన జాడీలు చూడ్డానికి ఎంతో బాగున్నాయి, విట్‌కోం గారివాటికన్నా తేటగా ఉన్నాయి. ధర కూడా తక్కువే. కాని మా దగ్గర జామ్ సలసల కాగుతుండగానే జాడీలో పోయాలి. పోస్తే అడుగులు ఊడిపోయాయి. అన్నీ కాదు, అక్కడొకటి ఇక్కడొకటి. అన్నీ పగిలినా బాగుండేది. ఇంకో పెట్టె తెరిచినా అంతే. ఒక అమ్మాయి చేయి కాలింది, పెద్దగా కాదు. గాజును ఎలా పరీక్ష చేస్తారని ఆ కంపెనీకి నేను రాసినప్పుడల్లా వాళ్లు నా క్షేమసమాచారాలు అడిగి, మంచి వ్యాపారం జరగాలని కోరుకుంటూ జవాబు రాశారు. పరీక్ష ఊసు లేదు.

అన్నయ్యను పిలిచాం. హల్వోర్ గారి గది. ఆయన ఉన్నారు కాబట్టి ఇంగ్లీషు. అన్నయ్య కోటు వేసుకుని వచ్చాడు, పెదనాన్న పెళ్లినాటి కోటు అనుకుంటాను. నన్ను చూసి నవ్వబోయి మానేసి, “గుడ్ మార్నింగ్, మేడమ్” అన్నాడు. నా నాలుక చివరిదాకా “అన్నయ్యా” అని వచ్చింది. ఆ భాషలో దానికి చోటు లేదు. ఆయన పూర్తి పేరుకు ముందు మిస్టర్ అని తగిలించి, కూర్చోమన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ను నేను పేరుతో పిలవడం అదే మొదటిసారి.

“జాడీలు పరీక్షించాం. అడుగులు ఊడుతున్నాయి,” అన్నాను.

“కొన్ని పెట్టెల్లో లోపం ఉండొచ్చు. కొత్తవి తెప్పిస్తాను.”

“ఎప్పటికి?”

“రెండు నెలలు పట్టొచ్చు.”

“జామకాయలు అంతవరకు ఆగవు.”

“అయితే ఈలోగా చిన్న ఆర్డరు ఇవ్వండి. కంపెనీవాళ్లకు నా మీద నమ్మకం కుదురుతుంది.”

“పగిలే జాడీలకు ఆర్డరు ఇవ్వలేను.”

“పోనీ, వచ్చే ఏడాదికి మాట ఇవ్వండి, మేడమ్. అది చాలు.”

హల్వోర్ గారు నావైపు తిరిగి, “మీ ఇష్టం సహూలి. వచ్చే ఏడాది సంగతి చూద్దామన్నా నాకు అభ్యంతరం లేదు” అన్నారు.

అంటే దారి ఉంది నాన్నగారూ. “చూద్దాం” అనడానికి ఆ దొరే దారి చూపించాడు. మన భాషలో అయితే ఆ మాట ఎవరూ అడక్కుండానే అనేసి ఉండేదాన్ని. వచ్చే ఏడాది వచ్చేది, పోయేది, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కాని పరీక్ష గురించి అడిగితే క్షేమం అడిగే కంపెనీ వచ్చే ఏడాది మాత్రం మారుతుందా? ఆ ఒక్క మాట పట్టుకుని అన్నయ్య ఏడాదంతా ఎదురుచూస్తాడు. మానేసిన ఉద్యోగం వైపు తిరిగి కూడా చూడడు. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెప్పను. ఇప్పుడు ఆలోచిస్తున్నాను. అప్పుడు నో అన్నాను, అంతే.

ముందేమీ లేదు, వెనకేమీ లేదు. నోరు మూసుకున్నాను. ఆ ఖాళీని అన్నయ్య నింపలేదు. ఆయనకు తెలుసు కదా. బోర్డు దగ్గర లెక్క సరిగ్గా చేసిన పిల్లను మాస్టారు చూసినట్టు చూశాడు. తరవాత సంచి మూసి, “మీ సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, మేడమ్” అని వెళ్లిపోయాడు.

ఇంతవరకు మీ అల్లుడికీ చెప్పాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ మాట అన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. నీళ్లబిందె మోసి మోసి దించినట్టు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలిసి కూడా. ఏడుపు రావలసింది, రాలేదు. అన్నయ్య రిక్షా ఎక్కడం కిటికీలోంచి చూస్తూ, “ఇంత తేలికా?” అనుకున్నాను. ఆ హాయి ఇంగ్లీషుదా, నాదా? ఎప్పటినుంచో నాలో ఉన్నది బయటికొచ్చిందా, లేక అద్దెకు తెచ్చుకున్న నోటితో అన్నానా? మీరు మాటల మనిషి కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. మాట గుడ్డు లాంటిది, పొదిగితే రెక్కలు వస్తాయని మీరే అంటారు. ఇది ఎవరు పెట్టిన గుడ్డు నాన్నగారూ?

తరవాతి శనివారం నేను అన్నయ్య ఇంటికి వెళ్లలేదు. ఆ పై శనివారమూ వెళ్లలేదు. మొన్న గురువారం మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. నాకు ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉన్నాను. ఫర కోసం రెండు వేడి బూరెలు తెచ్చాడు. చలి గురించి మాట్లాడుకున్నాం. ఒదినె కోడి పొదగడం లేదన్నాడు. పెదనాన్న కంటి ఆపరేషన్ ఎక్కడ చేయిస్తే మంచిదో చాలాసేపు చర్చించుకున్నాం. అన్నం తిన్నాడు, రెండోసారి వడ్డించుకున్నాడు, మాడు నీళ్లు తాగాడు. జాడీ అన్న మాట రాలేదు. వస్తుందేమోనని ఊరగాయ కూడా నేను ముందే జాడీలోంచి తీసి గిన్నెలో వేసి పెట్టాను.

గేటు దాకా సాగనంపాను. టోపీ పెట్టుకుంటూ ఆగి, వీధివైపు చూస్తూ, ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

“కారణం జాడీలా, నేనా?”

చుట్టుపక్కల ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. హల్వోర్ గారు లేరు. ఆయనకూ ఆ ప్రశ్న మన భాషలో నోట రాలేదన్నమాట. నేనూ ఇంగ్లీషులోనే చెప్పాను.

“జాడీలు. జాడీలు ఒక్కటే.”

“నీ స్థానంలో ఇంకొకరు ఉంటే వచ్చే ఏడాదికి మాట ఇచ్చేవారా?”

“బహుశా ఇచ్చేవారు. నిలబెట్టుకునేవారు కాదు.”

ఆయన టోపీ సరిచేసుకుని, “ఫెయిర్ ఎనఫ్” అన్నాడు. ఆ మాట నాకు ఎప్పుడూ నేర్పలేదు. వెంటనే మన భాషలోకి మారి, “జలుబుకు వేడినీళ్ల ఆవిరి పట్టు. ఫరను ఆదివారం పంపు, ఒదినె చూడాలంటోంది” అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆఫీసులో హల్వోర్ గారిని అడిగాను, ఆ మాటకు అర్థం ఏమిటని. న్యాయంగానే ఉంది, ఒప్పుకుంటున్నాను అన్నట్టట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఆలోచించి ఇంకోటి కూడా చెప్పారు. ఒక్కోసారి, ఇక నీతో మాట్లాడి లాభం లేదు అనడానికి కూడా అంటారట. “ఏది ఎప్పుడు?” అన్నాను. “గొంతును బట్టి” అన్నారు. ఆ రోజు గేటు దగ్గర ఆ మాట అన్నప్పుడు వీధిలో రిక్షావాళ్లు అరుచుకుంటున్నారు. అన్నయ్య గొంతు నేను సరిగ్గా వినలేదు.

ఫరను ఈ ఉదయం పంపాను. సాయంత్రానికి తీసుకురావాలి. నేనే వెళ్లనా, మీ అల్లుణ్ణి పంపనా అని ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పటినుంచి ఆలోచిస్తున్నాను. నేనే వెళతాను. ఆర్డరు విట్‌కోం గారికి వెళ్లిపోయింది, దాన్ని వెనక్కి తీసుకునేది లేదు. అన్నయ్యకు మళ్లీ బడిలో చోటు దొరుకుతుందేమో కనుక్కోమని మీ అల్లుడు తన స్నేహితుడైన హెడ్మాస్టరుతో మాట్లాడాడు. ఈ సంగతి అన్నయ్యకు ఏ భాషలో చెప్పాలో దారిలో ఆలోచించుకోవాలి.

పెదనాన్న మీ దగ్గరికి వస్తారు. నేరుగా అడగరు. తాతలనాటి నుంచి మొదలుపెడతారు, మీ ఇద్దరూ ఒకే కంచంలో తిన్న రోజులు గుర్తుచేస్తారు, పిల్లలకు అనుభవం చాలదంటారు. మీరు నా తరపున ఎన్ని క్షమాపణలైనా చెప్పండి, ఎన్ని సామెతలైనా వాడండి. నేను చిన్నదాన్నని, తెలియక నొప్పించానని అనండి, అదీ నిజమే. వచ్చే నెల నేనే వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంటాను. కాని నా మీద ప్రేమ కొద్దీ “వచ్చే ఏడాది చూద్దాంలే అన్నయ్యా” అని మాత్రం అనకండి. మీరు అంటే ఆయన నమ్ముతారు.

అమ్మకు నమస్కారాలు చెప్పండి. మోకాలి సంగతి రాయండి.

ఇట్లు,
మీ మాట దాటని, ఈ ఒక్కసారికి దాటమని మిమ్మల్నే అడుగుతున్న
మీ అమ్మాయి
సహూలి